అంకెల వెనుక గొంతులు

చచ్చినవారు లేచి బ్రతికినవారిని కరుస్తారు. కాటుపడినవారూ అట్లే అవుతారు. జాంబీ నవలల ఇతివృత్తం సామాన్యంగా ఇంతే. అందుచేత విజ్ఞులు వాటిని చులకనగా చూస్తారు. కాని అమెరికన్ రచయిత మాక్స్ బ్రూక్స్ 2006లో ప్రకటించిన ‘వరల్డ్ వార్ జెడ్’ను అట్లా త్రోసిపుచ్చరాదు.

జాంబీలతో యుద్ధం ముగిసిన పిమ్మట ఐక్యరాజ్యసమితికి నివేదిక సమర్పించిన ఉద్యోగి ఇందులో కథకుడు. పైవారికి అంకెలు చాలునట; మనుష్యుల గోడును కొట్టివేశారు. ఆ కొట్టివేసిన భాగమే ఈ గ్రంథం. చైనాలో తొలి రోగిని చూచిన వైద్యుడు, పనికిరాని మందు అమ్మి ధనికుడైన వర్తకుడు, గుజరాత్‌లోని అలంగ్ తీరాన ఓడలకోసం ఈదిన జనాన్ని చూచినవాడు — ఒక్కొక్కరే తమ కథ చెప్పుకొంటారు. రోగానికి దారి తీర్చినది అబద్ధమేనని పాఠకుడు గ్రహిస్తాడు. 2020 నాటి మహమ్మారిని చూచిన తరానికి ఇది వట్టి కల్పనగా తోచదు.

2013లో వచ్చిన చలనచిత్రం ఒక్క వీరుని కథ. అది చూచి నవల చదివినట్లే అనుకోరాదు. బీభత్సం అధికం గనుక పెద్ద తరగతుల విద్యార్థులకే ఇది తగినది. చరిత్ర పాఠంలో మృతుల సంఖ్యను వల్లించే విద్యార్థి, ఆ సంఖ్యలో ఎన్ని గొంతులు అణగి ఉన్నాయో ఇక్కడ వింటాడు.