ఊరియా పేరు చెరిగిపోలేదు

యుద్ధభూమి నుంచి దావీదు రాజు దగ్గరకు ఒక దూత వచ్చాడు. రబ్బా పట్టణం గోడ దగ్గర జరిగిన పోరును వివరంగా చెప్పాడు. హిత్తీయుడైన ఊరియా కూడా చనిపోయాడని చివర్లో ఒక్క మాట కలిపాడు. అంతే! ఒక సైనికుడి బతుకంతా ఆ కబురులో చివరి మాటగా మిగిలింది.

రాజుకు కావలసింది కూడా ఆ మాటే. ఊరియా భార్యను తన ఇంటికి రప్పించుకున్న దావీదు, ఆ పాపాన్ని కప్పిపుచ్చుకోవడానికి అతణ్ని పోరు ముమ్మరంగా ఉన్న చోట నిలబెట్టమని సేనాధిపతి యోవాబుకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని మోసుకెళ్లింది ఊరియాయే! యుద్ధంలో చావు మామూలే కాబట్టి ఎవరూ అడగరని రాజు అనుకున్నాడు.

కాని బైబిలు ఊరియాను అక్కడ వదిలేయలేదు. అతని జీవితం గురించి చెదురుమదురుగా దొరికే ఆనవాళ్లను ఏరి చూడండి. అతను పరాయి జాతివాడు. అయినా ‘యెహోవా నా వెలుగు’ అనే అర్థం వచ్చే పేరు అతనిది. తోటి సైనికులు గుడారాల్లో ఉండగా తాను ఇంటికెళ్లి సుఖపడనని రాజద్వారం దగ్గరే పడుకున్నాడు. రెండవ సమూయేలు గ్రంథం 23వ అధ్యాయంలో దావీదు పరాక్రమశాలుల జాబితా ఉంది. మొత్తం 37 మంది. అందులో చిట్టచివరి పేరు ఊరియాదే. రాజు చెరిపేయాలనుకున్న పేరును రాజు వీరుల పట్టికలోనే దేవుడు నిలిపాడు!

మన ఊరి సిపాయిలు

మన కాలానికి వద్దాం. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలో కల్లితండా అనే చిన్న తండా ఉంది. అక్కడి మురళీ నాయక్ 2022లో అగ్నివీర్‌గా సైన్యంలో చేరాడు. ముంబయిలో ఏళ్ల తరబడి కూలి పనులు చేసుకున్న తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కొడుకు. 2025 మే 9న జమ్మూకాశ్మీర్ సరిహద్దులో పాకిస్తాన్ కాల్పుల్లో ప్రాణాలు విడిచాడు. అతని పేరు రాష్ట్రమంతా తెలిసింది. మరి తాతల కాలంలో వెళ్లి తిరిగిరానివారి సంగతేమిటి?

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం నుంచి దాదాపు 87,000 మంది చనిపోయారు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఏ ఇంట్లోనైనా ‘మా తాత మిలట్రీకి పోయిండు, మళ్లా రాలేదు’ అనే మాట వినిపిస్తే దాన్ని వదిలేయకండి. ట్రంకు పెట్టె అడుగున పాత పతకం ఉందేమో చూడండి. దాని అంచున సైనికుడి నంబరు, పేరు, పటాలం పేరు చెక్కి ఉండవచ్చు. ఆ నంబరే తాళంచెవి. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరిలోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ అయితే బెంగళూరులో విచారించాలి. దారి చూపమని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో పేరు పెట్టి ఉచితంగా వెతకవచ్చు.

ఓపిక కావాలి. ఇంటిపేరు ఒక్క అక్షరమైపోయి ఉంటుంది. ఇంగ్లీషులో ఊరి పేరు గుర్తుపట్టలేనట్టు మారిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో మన జిల్లాలు నిజాం రాజ్యంలో ఉండేవి కాబట్టి చిరునామాలో హైదరాబాద్ అని మాత్రమే ఉండవచ్చు. 2016లో ఆ రెండు జిల్లాలూ జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్ వంటి కొత్త జిల్లాలుగా విడిపోయాయి. ఊరు అదే, జిల్లా వేరు.

రాతికెక్కని పేర్లు

సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీద 24,000కు పైగా పేర్లున్నాయి. మయన్మార్‌లోని తౌక్యాన్‌లో దాదాపు 27,000 పేర్లున్నాయి. సమాధి దొరకని మన సిపాయిల పేర్లు కూడా వాటిలో ఉన్నాయి. కాని అందరికీ ఆ గౌరవం దక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధ మృతుల కోసం ఇరాక్‌లోని బస్రాలో కట్టిన స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కి, భారతీయ సిపాయిలను పటాలాలవారీగా లెక్కతో సరిపెట్టారు. ఆ యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా సైనికుల్లో కనీసం 1,16,000 మందికి పేరుతో స్మారకం లేదని ఆ కమిషనే 2021లో ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది. జాతి వివక్షే ఇందుకు కారణమని తేలింది.

వంద గొర్రెల్లో ఒకటి తప్పిపోతే తొంభై తొమ్మిదింటినీ విడిచి దానికోసం వెతికిన కాపరి కథ మనకు తెలుసు. ఆ కాపరికి ఒకటి అంటే లెక్క కాదు, ప్రాణం. పోయిన సిపాయి కూడా లెక్క కాదు. ఒక తల్లికి కొడుకు, ఒక ఇల్లాలికి పెనిమిటి, ఒక బిడ్డకు నాయన.

మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో యేసుక్రీస్తు వంశావళి ఉంది. అందులో బత్షెబ పేరు రాయలేదు. ఊరియా భార్య అని రాశారు. వందల ఏళ్లు గడిచాక, రక్షకుడి వంశపట్టికలో కూడా అన్యాయంగా చంపబడిన ఆ సైనికుడి పేరు నిలిచే ఉంది! దేవుడు మరువని పేరును మనం మరిచిపోవచ్చునా?

మీ ఇంట్లో వయసు మళ్లిన అవ్వ ఉంటే ఈ రోజే దగ్గర కూర్చుని అడగండి. తిరిగిరాని తాత పూర్తి పేరు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు రాసిపెట్టండి. కుటుంబ ప్రార్థనలో ఆ పేరు ఒక్కసారి పైకి పలకండి. ఆమె చెప్పగలిగినప్పుడే ఆ పని జరగాలి.