వట్టివేరు: దుబ్బు కట్టే గడ్డి, లోతుకు దిగే వేరు

వట్టివేరు గడ్డిజాతి మొక్క. చెరకు, జొన్న దీనికి దగ్గరి చుట్టాలు. శాస్త్రీయ నామం క్రైసోపోగాన్ జిజానియోయిడెస్. పాత పుస్తకాల్లో వెటివేరియా జిజానియోయిడెస్ అని ఉంటుంది. ప్రపంచమంతా పిలిచే వెటివర్ అన్న పేరు తమిళ ‘వెట్టివేర్’ నుంచి వచ్చింది. పుట్టిల్లు భారతదేశమే. జొన్నలా ఒక్క పంటతో దీని ఆయువు తీరదు. అదే దుబ్బు ఏళ్ల తరబడి చిగురిస్తూనే ఉంటుంది.

గరికలా ఇది నేల మీద పాకదు. కొత్త పిలకలు పాత పిలకలను ఆనుకునే లేచి, దుబ్బు ఏటేటా చిక్కబడుతుంది. ఆకుల గుబురు సుమారు 1.5 మీటర్లు, పూకాడతో కలిపితే 3 మీటర్ల దాకా పెరుగుతుంది. మడత పెట్టినట్టుండే ఆకు తొడుగులు ఒకదానిలో ఒకటి ఇమిడిపోవడంతో పిలక మొదలు బల్లపరుపుగా, విసనకర్రలా కనిపిస్తుంది. ఆకులు సన్నగా, పొడవుగా, బిరుసుగా ఉంటాయి. వాటి అంచు మీద వేలిని కొన నుంచి కిందికి జరిపితే గరుకు తగులుతుంది.

కంకి ఊదా రంగులో, కణుపుల చుట్టూ వరుసలుగా విచ్చుకున్న సన్నని రెమ్మలతో ఉంటుంది. చిరుకంకులు జంటలుగా వస్తాయి. జంటలో కాడలేనిది ద్విలింగం, కాడ ఉన్నది మగది. దక్షిణాదిన సాగుచేసే రకాలు పూసినా సాధారణంగా మొలకెత్తే గింజ కట్టవు. అందుకే దుబ్బును చీల్చి పిలకలు నాటుతారు. కలుపుగా వ్యాపిస్తుందన్న భయమూ ఉండదు. ఉత్తరాదిన సహజంగా పెరిగే రకాలు మాత్రం గింజ కడతాయి.

ఈ గడ్డి అసలు బలం మట్టి కిందే ఉంది. దట్టమైన పీచువేళ్లు పక్కలకు పరుచుకోకుండా నిట్టనిలువుగా దిగుతాయి. అనుకూలమైన నేలలో ఏడాదిలోనే 3 మీటర్ల లోతుకు చేరగలవు. చిగురించే మొదలు నేలలో దాగి ఉండటం వల్ల పశువులు మేసినా, మంట అంటుకున్నా మళ్లీ లేస్తుంది. వేళ్లలోని గాలి గదులు నీటిముంపును ఓర్చుకోనిస్తాయి. వరద మట్టి దుబ్బును కప్పితే, పూడిన కణుపుల నుంచి కొత్త వేళ్లు పుడతాయి.

పరిమళమూ వేరుదే, ఆకుకు వాసన ఉండదు. వేరు లోపలి బెరడు కణాల్లో సుగంధ తైలం ఉంటుంది. ఎండిన వేళ్ల తడిక మీద నీళ్లు చల్లగానే వేసవి మధ్యాహ్నం ఇంట్లోకి చల్లదనంతో పాటు మట్టివాసన లాంటి కమ్మదనం వచ్చేది అందుకే. ఈ తైలం మెల్లగా ఆవిరవుతుంది కాబట్టి అత్తరులో వాసన నిలిచేలా చేస్తుంది.

తైలం కోసం సాధారణంగా 15 నుంచి 18 నెలలకు దుబ్బును తవ్వి వేళ్లు తీస్తారు. తవ్విన చోట మట్టి వదులవుతుంది. అందుకే కోతకు గురయ్యే వాలు నేలల్లో అడ్డువరుసలుగా నాటిన వట్టివేరును పెకలించరు. అక్కడ ఆకులు వాననీటి వేగాన్ని తగ్గిస్తాయి, కొట్టుకొచ్చిన ఒండ్రు దుబ్బు వెనక ఆగి మెల్లగా మెట్టు కడుతుంది, వేళ్లు ఆ గట్టును పట్టి నిలుపుతాయి.