పైపు ఎక్కడ ఆగింది? ఊరి గ్రాంటు, పల్లె నీళ్ళు

గుంటూరు నుంచి నరసరావుపేట వైపు పోతుంటే తగిలే నల్లపాడు 2012 దాకా గ్రామ పంచాయతీ. ఆ ఏడాది చుట్టుపక్కల మరికొన్ని ఊళ్ళతో పాటు దాన్ని గుంటూరు నగరపాలక సంస్థలో కలిపారు. మనుషులు వాళ్ళే, ఇళ్ళు అవే, మిరప కోతలకీ పత్తి తీతలకీ పోయే కూలి జనమూ వాళ్ళే. మారింది ఫైలు. గ్రామాలకని కేంద్రం ఇచ్చే నీటి గ్రాంట్లు అలాంటి ఊరికి ఇక రావు. పట్టణాల పథకాల్లో దానికి చోటు దొరకాలి. ప్రభుత్వం నీళ్ళకిచ్చే డబ్బు దాహాన్ని చూసి రాదు, మనల్ని ఏ ఖాతాలో రాశారో చూసి వస్తుంది. ఆ ఖాతాలు చదవడం నేర్చుకోకపోతే పల్లెకి నీళ్ళు ఎందుకు రాలేదో మనకి ఎప్పటికీ అర్థం కాదు.

కృష్ణా, గుంటూరు, ప్రకాశం వైపు ఊరంటే ఊరే. పల్లె అంటే మాలపల్లె, మాదిగపల్లె. గ్రాంటు రాసే భాషలో మాత్రం ఈ రెండూ కలిసి ఒకే 'గ్రామం'. మర్మమంతా ఇక్కడే ఉంది.

చెరువు ఎవరిది?

ఈ మైదానంలో నీళ్ళ గురించి మాట్లాడుతూ కారంచేడుని దాటి పోలేం. 1985 జూలై 16న ఆ ఊళ్ళో మాదిగలు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర ఒక కమ్మ యువకుడు గేదెకు కుడితి పెట్టిన బకెట్ కడుగుతున్నాడు. మురికి చెరువులో పడుతోంది. ఇదేమిటని అడిగిన మాదిగ కుర్రాడికి దెబ్బలు పడ్డాయి. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం పోయి బిందె ఎత్తింది. మర్నాడు పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు మాదిగలు చనిపోయారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్ళు చీరాలకి చేరారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడు 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది.

ఆ చెరువు మీద మాదిగలకి హక్కు లేదని ఏ చట్టమూ అనలేదు. పైగా రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు ఒక ముఖ్యమైన మాట చెబుతుంది. పూర్తిగా గానీ కొంత గానీ ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు వాడుకోవడంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదు. 'కొంత గానీ' అన్న మాట గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వ గ్రాంటు ఒక్క రూపాయి పడినా ఆ నీళ్ళు అందరివి. దళితులు వాడే నీటిని కావాలని పాడుచేయడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం కూడా. కాబట్టి గ్రాంటంటే దయ కాదు, హక్కుకి పునాది.

మరి హక్కు కాగితం మీదే ఎందుకు ఆగిపోతోంది?

డబ్బు వచ్చే దారులు

కేంద్రం గ్రామీణ నీటి సరఫరాకి డబ్బివ్వడం 1972-73లో వేగిర పథకంతో మొదలైంది. తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి. ఇటీవలి కాలంలో ముఖ్యమైన దారులు మూడు.

మొదటిది 2019లో ప్రకటించిన జల జీవన్ మిషన్. ప్రతి గ్రామీణ గృహానికీ కుళాయి, మనిషికి రోజుకి 55 లీటర్ల నీళ్ళు దాని లక్ష్యం. 2024కల్లా పూర్తి కావాలన్నారు. 2025 బడ్జెట్‌లో గడువుని 2028 దాకా పొడిగించారు. ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలకి కేంద్రం సగం ఇస్తే రాష్ట్రం సగం పెట్టాలి. ఊరి లోపలి పనుల ఖర్చులో పదో వంతు ఊరివాళ్ళ వాటా. డబ్బు లేకపోతే శ్రమ రూపంలో ఇవ్వొచ్చు. ఎస్సీ, ఎస్టీ జనం సగానికి మించిన గ్రామాల్లో ఈ వాటా 5 శాతమే.

చూడ్డానికి బాగానే ఉంది. కానీ మన జిల్లాల్లో పల్లె జనం ఊరి జనాభాలో సగం దాటడం అరుదు. పల్లెని విడిగా లెక్కేస్తే నూటికి నూరు మందీ దళితులే. ఊరితో కలిపి లెక్కేస్తే పాతిక మందో ముప్పై మందో. రాయితీ ఊరి సగటుని చూస్తుంది గనక పల్లె ఆ లెక్కలో మాయమైపోతుంది.

రెండోది 15వ ఆర్థిక సంఘం గ్రాంటు. 2021-22 నుంచి 2025-26 దాకా దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకి 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. ఇందులో 60 శాతం వేరే పనికి వాడకూడదు. 30 శాతం మంచినీళ్ళకి, 30 శాతం పారిశుధ్యానికి. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకి వాడుకోవచ్చు గానీ జీతాలకి వాడకూడదు.

మూడోది 2020-21లో మొదలైన స్వచ్ఛభారత్ గ్రామీణ రెండో దశ. వాడకం నీళ్ళు పోయేందుకు 5 వేల లోపు జనమున్న ఊళ్ళో తలకి 280 రూపాయల దాకా, అంతకు మించిన ఊళ్ళో 660 రూపాయల దాకా ఖర్చు పెట్టొచ్చు. 2 వేల మంది ఉన్న ఊరికి ఇది 5 లక్షల 60 వేలు. ఎంత కాలువ పడుతుందో మీరే లెక్క వేయండి.

17 శాతం లెక్క

ఇవిగాక ఎస్సీల కోసం విడిగా కేటాయించాల్సిన నిధి ఉంది. 1970ల చివర పి.ఎస్. కృష్ణన్ చొరవతో వచ్చిన ప్రత్యేక కాంపొనెంట్ ప్లాన్ దీనికి మూలం. ఈ డబ్బుని ఏళ్ళ తరబడి దారి మళ్ళించారు. దళిత సంఘాలు పోరాడితే 2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. పదేళ్ళ గడువు ముగిసే వేళ 2023లో ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని మరో పదేళ్ళు పొడిగించారు. జనాభా నిష్పత్తిలో నిధులివ్వాలి. ఎస్సీ ఆవాసానికే చేసే పనైతే పూర్తి ఖర్చు ఇందులోంచి పెట్టొచ్చు. అందరికీ చేసే పనైతే లబ్ధి పొందే ఎస్సీల నిష్పత్తి మేరకే ఇందులో రాయాలి.

అసలు కిటుకు ఈ చివరి మాటలో ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. కోటి రూపాయలతో ఒక ఊరికి ఓవర్‌హెడ్ ట్యాంకు, పైపులైను వేశారనుకుందాం. ఎస్సీలు 17 శాతం గనక 17 లక్షలు సబ్‌ప్లాన్ పద్దులో రాస్తారు. పైపు పల్లె మొగదల దగ్గర ఆగిపోయినా ఆ 17 లక్షలు దళితులకి ఖర్చయినట్టే లెక్క. చట్టం అడిగింది లబ్ధి పొందినవాళ్ళ నిష్పత్తి. పద్దులో రాసింది జనాభా నిష్పత్తి. ఈ రెంటికీ మధ్య ఉన్నది పల్లె దాహం.

పైపు చేరినా సమస్య తీరదు. సాగర్ కాలువ కింద చివరి భూములకి నీళ్ళందవని రైతులు రోడ్డెక్కడం మనకి తెలుసు. పైపులైనుదీ అదే తీరు. ట్యాంకు ఊరి నడుమ కడతారు. పైనున్న ఇళ్ళలో మోటార్లు పెట్టి లాగితే చివరి కుళాయికి గాలే మిగులుతుంది. చివర ఉండేది తరచూ పల్లె. చివరి ఎకరం గురించి అసెంబ్లీలో మాట్లాడతారు. చివరి కుళాయి గురించి మాట్లాడేవాళ్ళేరీ?

మురుగు పల్లానికే

నీళ్ళు ఎలాగైతే పల్లె దాకా రావో, మురుగు అలా పల్లెకే వస్తుంది. చాలాచోట్ల పల్లెలు ఊరికి పల్లంలో ఉన్నాయి. ఊరి సైడు కాలువలకి గ్రాంటొచ్చి సిమెంటు చేస్తే మురుగు ఇంకా వేగంగా వచ్చి పల్లె ముందు నిలుస్తుంది. దీనికి ఇంకుడు గుంటలు తవ్వమంటారు. మనది నల్లరేగడి. తడిస్తే ఉబ్బి నీటిని లోపలికి పోనివ్వదు, ఎండితే పగుళ్ళిచ్చి పైపు అతుకుల్ని కదిలిస్తుంది. ఇసక నేలకి పనికొచ్చిన నమూనా ఇక్కడ దోమల గుంట అవుతుంది. మురుగు కాలువకి చివర ఎక్కడో ఎస్టిమేటులోనే రాయించాలి. చివర లేని కాలువకి బిల్లు ఇవ్వకూడదు.

సెప్టిక్ ట్యాంకు నిండితే అందులోకి దిగేదెవరన్నది కూడా ఈ ప్రశ్నలో భాగమే. మనిషిని ప్రమాదకరంగా మురుగులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో, దాన్ని 30 లక్షలకి పెంచుతూ 2023లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. మరుగుదొడ్డికి గ్రాంటిచ్చి దాన్ని శుభ్రం చేసే యంత్రానికి ఇవ్వకపోతే ఆ లోటుని పూడ్చేది మన పిల్లల ప్రాణమే.

ఏం అడగాలి?

'ఎంత డబ్బొచ్చింది?' అని మాత్రమే అడిగితే ఆఫీసులో ఒక అంకె చెప్పి పంపేస్తారు. పైపులైను మ్యాపు అడగండి. పల్లెలో చివరి ఇల్లు అందులో ఉందో లేదో చూడండి. ఎం-బుక్కులో రాసిన పొడవు, నేల మీది పొడవు ఒకటేనా? సమాచార హక్కు కింద నకలు తీసుకుని టేపు పట్టుకుని కొలవండి. పంచాయతీ ప్రణాళిక, ఖర్చు ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఉంటాయి, చదువుకున్న పిల్లలతో తీయించండి. గ్రామ నీటి సంఘంలో సగం మంది ఆడవాళ్ళు, పావు వంతు బలహీన వర్గాలు ఉండాలి. ఆ పేర్లు ఎవరివో, వాళ్ళకి తెలిసే రాశారో లేదో కనుక్కోండి. నల్లపాడులాగా నగరంలో కలిసిన ఊళ్ళలోనూ సబ్‌ప్లాన్ చట్టం వర్తిస్తుంది. అక్కడ గ్రామసభ లేదు గనక కార్పొరేషన్ని వార్డువారీగా లెక్క అడగాలి.

గ్రామాల్లో మన చేతిలో ఇంకొక ఆయుధం ఉంది. 'ఇంటింటికీ నీళ్ళు' వచ్చాయని ఊరిని ధ్రువీకరించాలంటే గ్రామసభ తీర్మానం కావాలి. ఆ రోజు పల్లె మొత్తం సభకి పోవాలి. పోయే ముందు పల్లెలో చివరి ఇంటి కుళాయి తిప్పి చూడాలి. బిందె నిండితే చెయ్యెత్తండి. నిండకపోతే ఆ ఖాళీ బిందె తీసుకుపోయి సభ మధ్యలో పెట్టండి.