నల్లనీళ్లు చెప్పని లెక్క

గాలి కదలని గదిలో ఐదడుగుల ఎత్తు నుంచి ఒక దుమ్ము కణాన్ని వదిలితే నేలకు చేరడానికి ఎంతసేపు పడుతుంది? కణానికి నీటంత సాంద్రత ఉందనుకుంటే, 100 మైక్రాన్ల రేణువు 6 సెకన్లలో దిగిపోతుంది. 10 మైక్రాన్ల దానికి 8 నిమిషాలు కావాలి. 1 మైక్రాన్ కణానికి దాదాపు 12 గంటలు. 0.3 మైక్రాన్లకు వచ్చేసరికి నాలుగు రోజులు. తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు కాబట్టి చివరి రెండూ కంటికి ఆనేవి కావు. ఫ్యాను తిరిగే ఇంట్లో అవి కిందికి దిగనే దిగవనుకోవచ్చు.

నీళ్ల ఫిల్టర్ వాక్యూమ్ క్లీనర్ గురించి మాట్లాడాలంటే ఈ అంకెల దగ్గరే మొదలుపెట్టాలి. అమ్మేవాళ్లు మాత్రం బకెట్ దగ్గర మొదలుపెడతారు. ఇంటికొచ్చి, మెషీన్ తొట్టిలో రెండు లీటర్ల నీళ్లు పోసి, పరుపు మీద నాలుగుసార్లు తిప్పి, ఆ నీళ్లను తెల్ల బకెట్లోకి వంపుతారు. పైన వెంట్రుకలు, నూలుపోగులు, అడుగున సన్నటి ఇసుక, మధ్యలో నల్లటి నీళ్లు. ‘ఇన్నాళ్లూ దీని మీదే పడుకున్నారు మేడమ్’ అంటాడు కుర్రాడు. ఇంటిల్లిపాదీ ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. ఇందులో మోసమేమీ లేదు, ఆ మురికి నిజంగా పరుపులోదే. కాకపోతే బకెట్ చూపించేది బరువును. 100 మైక్రాన్ల రేణువు ఒక్కటి తూగే బరువుకు 0.3 మైక్రాన్ల కణాలు 3 కోట్ల 70 లక్షలు కావాలి. సన్నవి కోట్ల సంఖ్యలో మెషీన్ వెనక నుంచి తిరిగి గదిలోకే వచ్చినా నీళ్ల రంగులో తేడా రాదు.

నీళ్లలోంచి పోతూ కూడా ఎలా తప్పించుకుంటాయి? లోపలికి లాగిన గాలి నీళ్లలో బుడగలవుతుంది. బరువైన రేణువు, గాలి మలుపు తిరిగినా తాను తిరగలేక నేరుగా నీటికి తగిలి తడిసి మునుగుతుంది. సన్న కణం గాలితో పాటే మలుపు తిరిగి బుడగ లోపలే ఉండిపోతుంది. 4 మిల్లీమీటర్ల బుడగ 10 సెంటీమీటర్ల నీటిని దాటడానికి అర సెకను చాలు. ఆ అర సెకనులో 0.3 మైక్రాన్ల కణం తనంతట తాను అటూ ఇటూ కదిలేది 10 మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ. బుడగ నడిమధ్య నుంచి నీటి గోడ 2,000 మైక్రాన్ల దూరం. అందుకే తయారీదారులు నీటిని సుడి తిప్పుతారు, బుడగల్ని చితక్కొడతారు, వేగంగా తిరిగే చక్రం పెట్టి తడి రేణువుల్ని బయటికి విసిరేస్తారు. దానివల్ల పని మెరుగవుతుంది గానీ, ఆ సన్న కణాల బెడద పూర్తిగా తీరదు. పైగా అన్ని రకాల దుమ్మూ నీటికి లొంగదు. చెంబుడు నీళ్లలో కాస్త టాల్కం పౌడర్ చల్లి చూడండి, తేలుతూనే ఉంటుంది.

అందుకే మంచి మెషీన్లలో నీటి తర్వాత హెపా ఫిల్టర్ ఉంటుంది. అమెరికా లెక్కలో అది 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపాలి, అంటే పదివేలలో మూడే బయటపడాలి. యూరప్ లెక్కలో హెచ్13 తరగతికి 99.95 శాతం, అదీ అన్నిటికంటే చిక్కడం కష్టమైన సైజు కణాల మీద. బ్రోషర్‌లో ‘హెపా రకం’ అని మాత్రమే రాసి ఈ అంకె రాయకపోతే, అది హెపా కాదనుకోవడమే మేలు.

ఈ అంకె అంత ముఖ్యమా? పదికి పన్నెండడుగుల గదిలో, పదడుగుల ఎత్తు వరకు ఉండే గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. ఇంట్లో వాడే మెషీన్ సెకనుకు 30 లీటర్ల గాలి లాగుతుందనుకుంటే, 20 నిమిషాల్లోపే గదిలో ఉన్నంత గాలి దాని గుండా పోతుంది. ఇప్పుడు మన జాతీయ ప్రమాణం చూడండి. పీఎం 2.5 అనే సన్న ధూళి రోజు సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని 2009లో పెట్టుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని 15కే కట్టడి చేయమంది. మన హద్దు మీదే లెక్కేసినా గది మొత్తం గాలిలో ఉండే సన్న ధూళి 2 మిల్లీగ్రాములు, బియ్యపు గింజ బరువులో పదో వంతు. ఇంత కొంచెం వెనక నుంచి లీకైతే చాలు, ఊడ్చాక గది ఊడ్వక ముందుకన్నా అధ్వానమవుతుంది.

నీళ్ల మెషీన్‌కు తనదైన మేలూ ఉంది. సంచి ఉన్న మెషీన్‌లో దుమ్ము నిండేకొద్దీ గుడ్డ రంధ్రాలు పూడుకుపోయి లాగుడు తగ్గుతుంది. నీటికి పూడే రంధ్రాలు లేవు. సంచి దులిపేటప్పుడు దుమ్మంతా ముఖాన కొట్టే బాధా ఉండదు. దుమ్ము పడని ఆస్తమా రోగి ఉన్న ఇంట్లో ఈ ఒక్క సుఖానికే డబ్బు పెట్టినా తప్పనను.

నేల కోసమే అయితే మాత్రం నేను వద్దంటాను. ఈ మెషీన్లకు అసలు గిరాకీ గోడ నుంచి గోడ దాకా తివాచీ పరిచే దేశాలది. మన ఇళ్లలో గ్రానైట్, టైల్స్. చెప్పులు గడప బయటే. పొడి చీపురు దుమ్మును లేపుతుంది నిజమే, తడిగుడ్డ లేపదు. లక్ష దాటే మెషీన్ గ్రానైట్ మీద చేసే పనిలో చాలా భాగం మాపు కర్ర చేసేస్తుంది.

దాని అసలు చోటు పరుపు, సోఫా, కర్టెన్లు. వాటిలో ఉండే దుమ్ము పురుగు పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఎలర్జీ తెచ్చేది ప్రధానంగా దాని మలం, అది 10 నుంచి 40 మైక్రాన్లు. ఈ సైజు నీటికి బాగానే చిక్కుతుంది. కానీ బతికున్న పురుగులు బట్ట పోగుల్ని గట్టిగా పట్టుకుంటాయి, ఏ వాక్యూమ్‌కీ అన్నీ రావు. గాలిలో తేమ 50 శాతం దాటితే వాటికి పండగ, విశాఖలో అంతకన్నా పొడి రోజులు ఎన్ని? దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితేనే అవి చస్తాయి.

కొనేవాళ్లు చాకిరీ సంగతీ తెలుసుకోవాలి. నీళ్లతో కలిపితే బరువు రెండు కిలోలు పెరుగుతుంది. నేల మీద డిటర్జెంట్ పొడి ఒలికితే లాగకండి, తొట్టిలో నురగ పొంగి మోటారు దాకా వెళ్లే ప్రమాదముంది. నురగ తగ్గించే మందును కొన్ని కంపెనీలు మెషీన్‌తోనే ఇస్తాయి. పని కాగానే నీళ్లు పారబోయాలి, రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి కంపు కొడుతుంది. వంటింటి సింకులో పోస్తే వెంట్రుకలు, ఇసుక పైపును పట్టేస్తాయి, టాయిలెట్‌లో పోయండి. తొట్టిని కడిగి, మూత పెట్టకుండా ఆరనివ్వండి. హెపా ఎన్నాళ్లకు మార్చాలో, ఒక్కోటి ఎంతో మెషీన్ ధర అడిగేటప్పుడే అడగండి.