రెండో పేజీ ఏదీ?

మొన్న వేసవిలో మా ఇంటి మీద మరో అంతస్తు వేయడం మొదలుపెట్టాం. మాది రాజాం. 2022లో శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరం జిల్లాలోకి వచ్చాం గానీ ఎండ మాత్రం ఏమీ మారలేదు! మావారి ఉద్యోగం విశాఖలో. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారకుండానే వెళ్ళిపోతారు. దాంతో ఇటుకల లారీ దగ్గర్నుంచి కలాసీల టీల దాకా లెక్కంతా నా నెత్తిన పడింది. కథలు రాసుకునేదాన్ని, లెక్కలు రాయలేనా అని ధీమాగా 200 పేజీల నోట్‌బుక్కు కొన్నాను. అందులో నేను పెట్టుకున్న పద్దులు మూడే. సామాను, కూలి, ఇతరాలు.

శ్లాబు వేసిన వారానికి చూస్తే అనుకున్నదాని కంటే 60 వేలు ఎక్కువైపోయింది. "దేనికి ఎక్కువైంది?" అన్నారు మావారు. "కూలికి" అన్నాను. "ఎవరి కూలి? ఏ పనికి?" నోట్‌బుక్కు నాలుగుసార్లు తిరగేశాను. సెంట్రింగ్ వాళ్ళదీ, ఊసలు కట్టినవాళ్ళదీ, కాంక్రీటు మోసినవాళ్ళదీ అంతా కూలే! ప్లాస్టింగుకి డబ్బు కావాలంటే నా గొలుసు బ్యాంకులో పెట్టక తప్పేట్టు లేదు. పైగా మేస్త్రి మీద మనసులో ఓ మూల అనుమానం. పదిహేనేళ్ళుగా తెలిసిన మనిషి. అడగనూలేను, ఊరుకోనూలేను.

ఆ సమయంలోనే మా అక్క కూతురు సెలవులకని వచ్చింది. ఇక్కడి జీఎంఆర్ ఐటీలో చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. అమెరికాలో భవనాలు కట్టేవాళ్ళ లెక్కల్ని ఒక సాఫ్ట్‌వేర్‌లోంచి తీసి ఇంకో దాంట్లోకి చేర్చడం దాని పని. నా నోట్‌బుక్కు చూసి పకపకా నవ్వింది. "పిన్నీ, నీ లెక్కకి డబ్ల్యూబీఎస్ లేదు!"

వర్క్ బ్రేక్‌డౌన్ స్ట్రక్చర్ అట. వినడానికే భయం వేస్తుంది గానీ విషయం మనకి తెలిసిందే. పెళ్ళి అనగానే 'ఖర్చు' అని ఒక్క మాట రాసి ఊరుకుంటామా? పందిరి, వంటలు, పెట్టుబడి చీరలు అని విడదీస్తాం. వంటల్లో మళ్ళీ సరుకులు వేరు, వంటవాళ్ళ కూలి వేరు. ఇల్లూ అంతే. ఇల్లు అంటే పునాది, గోడలు, శ్లాబు. శ్లాబు అంటే సెంట్రింగ్, ఊసలు, కాంక్రీటు. ప్రతి ముక్కకీ ఓ నంబరు. దాని పక్కన అది సామానా, కూలా, అద్దా అని ఇంకో గుర్తు. రెండూ కలిపితేనే పద్దు పూర్తయినట్టు. అమెరికావాళ్ళ పట్టికలో కాంక్రీటు పనులన్నీ 03తో మొదలవుతాయట, కరెంటు పనులు 26తో. 1962లో అక్కడి రక్షణ శాఖ, నాసా కలిసి పెద్ద పెద్ద పనుల ఖర్చు చేయి దాటిపోకుండా ఈ పద్ధతిని రాసిపెట్టాయి. మన పీడబ్ల్యూడీ ఇంజనీర్లు ఎం-బుక్కులో ఐటం వారీగా కొలతలు రాయడమూ దీనికి దగ్గర చుట్టమే. మన రాజాంలో పుట్టిన జి.ఎం.రావు గారి సంస్థ 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచింది. అంతటి కట్టడాన్ని సామాను, కూలి, ఇతరాలు అని మూడు పద్దుల్లో రాస్తే ఎలా ఉంటుందో ఊహించుకుని నాకే నవ్వొచ్చింది.

"మరి ఆ నంబర్లన్నీ నువ్వు కూర్చుని చూసి రాస్తావా?" అన్నాను. కాదట. ఏపీఐ అని ఉంటుందట. మనం తెర మీద ఒక్కొక్కటీ తెరిచి చూసే పని లేకుండా ఒక ప్రోగ్రాం వెళ్ళి ఇంకో ప్రోగ్రాంని అడిగి తెచ్చుకునే దారి. కాలిఫోర్నియాలో 2002లో మొదలైన ప్రోకోర్ లాంటి నిర్మాణ సాఫ్ట్‌వేర్లకి ఈ దారి ఉంది. ఊరికే రానివ్వరు. ముందు ఓ టోకెన్ తీసుకోవాలి, దానికీ గడువు ఉంటుంది. తర్వాత ఏ కంపెనీ, ఏ కట్టడం అన్నది నంబర్లతో చెప్పాలి. మాటిమాటికీ గబగబా అడిగితే కాసేపు ఆగమంటుంది. అచ్చం మన ఆఫీసు గుమస్తాలాగే!

ఇక్కడే అది ఓ సంగతి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ భవనం పద్దులన్నీ ఇలాగే తెప్పించింది. సరిగ్గా 100 వరసలు వచ్చాయి. తప్పని ఎక్కడా రాలేదు. తీరా కూడి చూస్తే మొత్తం బాగా తక్కువ. కాంక్రీటు ఉంది, గోడలు ఉన్నాయి, కరెంటు పనీ నీళ్ళ పైపుల పనీ లేనే లేవు. సంగతేమిటంటే జవాబు పేజీలు పేజీలుగా వస్తుంది. ఇది అడిగింది మొదటి పేజీయే. చిన్న నంబర్లన్నీ అందులో వచ్చేశాయి, పెద్ద నంబర్లు తర్వాతి పేజీల్లో ఉండిపోయాయి. మొత్తం ఎన్ని ఉన్నాయో ఆ జవాబుతో పాటే వచ్చిందట. ఇది చూసుకోలేదు. "ఆ రాత్రి అన్నం సయించలేదు పిన్నీ" అంది.

ఆ రాత్రి మేమిద్దరం చాప వేసుకుని కూర్చున్నాం. చీటీలూ, ఫోన్లో పంపిన డబ్బుల వివరాలూ ముందేసుకుని ప్రతిదాన్నీ విడదీశాం. పన్నెండు దాటాక 'శ్లాబు - ఊసలు - కూలి' దగ్గర ఒకే మొత్తం రెండుసార్లు తేలింది. 18 వేలు నేను చేతికిచ్చాను. అదే 18 వేలు మావారు ఫోన్లో మేస్త్రికి పంపారు. నా అనుమానం నిజమేనన్నమాట అనుకున్నాను. నిద్ర పట్టలేదు.

పొద్దున్నే మేస్త్రిని అడిగాను. ఎంత మెత్తగా అడుగుదామనుకున్నా గొంతు గట్టిగానే పలికింది. ఆయన జేబులోంచి నలిగిపోయిన చిన్న పుస్తకం తీసి చూపించాడు. 18 వేలు ఒక్కసారే ఉంది. నేను ముఖం చిట్లించేలోపే ఆయనే పేజీ తిప్పాడు. వెనక రెండోది. పక్కన 'ప్లాస్టింగు అడ్వాన్సు' అని ఉంది.

"నాను తినేసేననుకున్నారేటమ్మా?" అన్నాడు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా అక్క కూతురు మాత్రం వంటింటి గుమ్మంలోంచి నా వైపు చూసి 'రెండో పేజీ' అన్నట్టు రెండు వేళ్ళు చూపించింది.

మిగిలిన 42 వేలు కూడా తేలింది. అకాల వానకి శ్లాబు వారం వెనక్కి పోయింది. సెంట్రింగ్ పలకలకి రోజువారీ అద్దె ఊరుకుంటుందా? ఇక మెట్లు కాస్త వెడల్పుగా ఉండాలని నేనే పట్టుబట్టి వేయించాను, దాని ఇనుమూ కూలీ అందులోనే. ఆ ముక్క మావారికి ఆదివారం భోజనమయ్యాక మెల్లగా చెప్పాను.

అడ్వాన్సు ముందే వెళ్ళింది కాబట్టి గొలుసు మెడలోనే ఉంది. ప్లాస్టింగు మొదలైన రోజున మేస్త్రి ఇసుక చీటీ చేతికిస్తూ "దీన్ని ఏ నంబరులో రాత్తారమ్మా?" అని అడిగాడు.