తడలో ఒక రోజు ఎందుకు ఆగాం?

మన హాస్టల్లో చదువుకుని బయటికి వెళ్లిన ఆరుగురం విజయవాడ నుంచి కన్యాకుమారి దాకా సైకిళ్ల మీద వెళ్లామని తెలిశాక తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని ఎన్నో ప్రశ్నలు అడిగారు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కారు, ఎన్ని పంక్చర్లు పడ్డాయి, రాత్రిళ్లు ఎక్కడ పడుకున్నారు అని. వాటికి అప్పటికప్పుడే జవాబులు చెప్పాం. "నాలుగు రోజులు బాగానే తొక్కి ఐదో రోజు తడలో ఎందుకు ఆగారు?" అన్నదానికి మాత్రం రెండు మాటల్లో చెప్పలేకపోయాం. అందుకే ఈ వ్యాసం.

మన పెద్దలు "ఆలస్యం అమృతం విషం" అన్నారు, "నిదానమే ప్రధానం" అనీ అన్నారు. దూరప్రయాణానికి రెండూ కావాలి. పొద్దున బయలుదేరడంలో ఆలస్యం పనికిరాదు, ఎండ ముదురుతుంది. పది, పదిహేను రోజుల ప్రయాణంలో నిదానం లేకపోతే ఒళ్లు సహకరించదు. అందుకే ఐదో రోజు ఆగాలని బయలుదేరక ముందే కాగితం మీద రాసుకున్నాం.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం కొంత గ్లైకోజన్ అనే రూపంలో కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉంటుంది. గంటల తరబడి తొక్కేటప్పుడు ఆ నిల్వ తరిగిపోతుంది. అది బాగా ఖాళీ అయ్యాక మళ్లీ నిండాలంటే, కడుపు నిండా తిన్నా సుమారు 24 గంటలు పడుతుంది. సాయంత్రం ఆగి తెల్లవారుజామున బయలుదేరేవాళ్లకు మధ్యలో దొరికేది 12 గంటలే. రోజూ కొంత లోటు మిగిలిపోతుంది. కిరాణా కొట్టు ఖాతాలో బాకీ పెరిగినట్టు అది పెరుగుతూ పోతుంది.

కండరాల సంగతీ అంతే. శ్రమకు వాటిలోని సన్నని పోగులు అక్కడక్కడ చిట్లుతాయి. శరీరం వాటిని బాగుచేసుకునేది మనం తిని, నిద్రపోయినప్పుడు. అలవాటు లేని శ్రమ తాలూకు నొప్పులు మర్నాడో ఆ మరుసటి రోజో ముదురుతాయి కాబట్టి మొదటి రోజు హుషారును చూసి లెక్కలు వేసుకోకూడదు. ఇవి కాక సీటు రాపిడికి, చెమటకు చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. హ్యాండిల్ మీద బరువు మోపి మోపి అరచేతిలో నరం నొక్కుకుపోతే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. ఈ రెండింటికీ మొదటి మందు సైకిలు దిగడమే.

ఇది బలహీనుల మాట అనుకోకండి. ఫ్రాన్సులో జరిగే టూర్ డి ఫ్రాన్స్ పందెం మొదటిసారి 1903లో జరిగినప్పుడు ఆరు అంచెలే ఉన్నాయి, అంచెకూ అంచెకూ మధ్య విశ్రాంతి రోజులు ఇచ్చారు. ఇప్పుడు 21 అంచెలు, మధ్యలో రెండు విశ్రాంతి దినాలు. మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు 13 ఏళ్లు. ఆ కొండ ఎక్కేవాళ్లు తిన్నగా పైకి పోరు. పల్చని గాలికి ఒళ్లు అలవాటు పడడానికి దారిలో క్యాంపుల్లో రోజుల తరబడి ఆగుతారు.

తడే ఎందుకు?

విజయవాడ నుంచి ఒంగోలు, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా తడ సుమారు 370 కిలోమీటర్లు. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న తడ 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. అది దాటితే తమిళనాడు, మరో 80 కిలోమీటర్లకు చెన్నై. నగరం దగ్గరపడేకొద్దీ లారీలు, బస్సులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. అలిసిన మనిషికి చూపు, చెయ్యి రెండూ మందగిస్తాయి. కష్టమైన దారి వచ్చే ముందే ఆగాలి, అది దాటాక ఆగుదామనుకోకూడదు. పైగా తడలో రైల్వే స్టేషన్ ఉంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఇంటికి పంపవచ్చు.

కాలం కూడా చూసుకోవాలి. ఈ తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫానుల భయం. మేము జనవరిలో వెళ్లాం. ఆ నెలలో ఈశాన్యపు గాలి దక్షిణానికి పోయేవాళ్లను వెనక నుంచి తోస్తుంది.

ఆ రోజు ఏం చేయాలి?

1. ముందు నిద్ర. అలారం పెట్టుకోవద్దు. లేవగానే మంచం మీదే నాడి చూసుకోండి. మామూలుకంటే బాగా ఎక్కువగా కొట్టుకుంటుంటే ఒళ్లు ఇంకా తేరుకోలేదని గుర్తు.

2. మూడు పూటలా అన్నం, పప్పు, గుడ్డు, చేప, ఏది దొరికితే అది కడుపు నిండా తినండి. ఉప్పు వేసిన మజ్జిగ తాగండి.

3. బట్టలు ఉతికి ఎండలో ఆరేయండి. తడి నిక్కరుతో తొక్కితే పుండ్లు తప్పవు.

4. సైకిలుకూ సెలవు ఇవ్వండి. చైను తుడిచి నూనె వేయడం, బ్రేకులు సరిచేయడం, చక్రం బెండు తీయించడం ఆ రోజే.

5. పూర్తిగా పడుకుంటే మర్నాడు కాళ్లు బిగుసుకుంటాయి. సాయంత్రం నెమ్మదిగా ఒక అరగంట తొక్కండి. మేము భీములవారిపాలెం వైపు, పులికాట్ సరస్సు ఒడ్డుకు వెళ్లాం. చలికాలంలో ఆ సరస్సుకు ఫ్లెమింగోలు వస్తాయి.

తడ అనగానే ఉబ్బలమడుగు జలపాతం చూద్దామంటారు. అక్కడికి అడవిలో రాళ్ల మీద చాలా దూరం నడవాలి. అది మరో యాత్ర, దానికి వేరే రోజు పెట్టుకోవాలి.

అసలు అడ్డంకి

మాలో ఒకడు ఆటో నడుపుతాడు. ఒక రోజు ఆగితే వాడికి ఒక రోజు సంపాదన పోయినట్టే. "ఆగడం దేనికిరా, చెన్నై వెళ్లాక చూసుకుందాం" అన్నాడు. ఆ పొద్దున వాడు గోడ పట్టుకుని మెట్లు దిగడం చూశాం. గూడూరు నుంచే మోకాలు నొప్పట! "చెబితే నన్ను రైలెక్కించేస్తారనుకున్నా" అన్నాడు. సీటు బాగా కిందికి ఉండడంతో మోకాలు మరీ వంగి, ముందు భాగంలో నొప్పి పుట్టింది. సీటు పైకి లేపాం, రోజంతా కాలు చాపి కూర్చోబెట్టాం. మర్నాడు వాడి వేగంతోనే అందరం తొక్కాం. కన్యాకుమారి దాకా మాతోనే వచ్చాడు. ఆగకుండా పోయి ఉంటే చెన్నై ట్రాఫిక్‌లో ఆ కాలితో ఏమయ్యేదో!

నొప్పి దాచుకోవడం మనకు కొత్త కాదు. జ్వరం వచ్చినా స్టడీ అవర్ ఎగ్గొట్టడానికి వేషం అంటారేమోనని దుప్పటి కప్పుకుని పుస్తకం ముందు కూర్చున్నవాళ్లం మనలో ఎంతమందిమో. ఇంటికి డబ్బు పంపాల్సినవాడు కూలి పోతుందని ఆగడు. అలాంటివాడికి "విశ్రాంతి తీసుకో" అని చెబితే చాలదు. అందుకే విశ్రాంతి దినం ఖర్చును యాత్ర ఉమ్మడి డబ్బులోనే ముందుగా పక్కన పెట్టుకోవాలి. ఆ రోజు సంపాదన పోయేవాడికి మిగతావాళ్లు తలా కొంత వేసి ఇవ్వాలి. మేము అయిదుగురం అలాగే వేసుకున్నాం. వాడు మొదట వద్దన్నాడు, తరువాత తీసుకున్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరూ ఎప్పుడైనా ఇలాంటి యాత్ర పెట్టుకుంటే పటం మీద ఊళ్లు గుర్తించుకునేటప్పుడే ఆగే ఊరిని కూడా గుర్తించుకోండి. మీలో ఎవరి దగ్గర డబ్బు తక్కువో, ఎవరికి సెలవు దొరకడం కష్టమో ఆ రోజే అడిగి తెలుసుకోండి. దారిలో ఎవరైనా మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటున్నారేమో గమనిస్తూ ఉండండి.