ఆకృతి వ్యాకరణము: వాస్తుశిల్పమున గణకయంత్రము

భాషకు వలె కట్టడములకును వ్యాకరణము చెప్పవచ్చునా? ఈ ప్రశ్నకు జార్జి స్టైనీ, జేమ్స్ గిప్స్ అను పండితులు 1972లో ప్రకటించిన వ్యాసమున ఒక మార్గము చూపిరి. చామ్‌స్కీ వాక్యనిర్మాణమునకు చెప్పిన ఉత్పాదక సూత్రముల వంటివానిని వారు రేఖలకు అన్వయించిరి. ఒక వర్ణము స్థానమున మఱొక వర్ణము ఆదేశమగునట్లు, ఇందు ఒక ఆకృతి స్థానమున మఱొక ఆకృతి వచ్చును. తొలుత చిత్రలేఖన శిల్పములకై ఏర్పడిన ఈ పద్ధతికి ఆకృతి వ్యాకరణమని పేరు.

1978లో స్టైనీ, విలియం మిచెల్ అనువారు 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో గ్రామీణ సౌధములకు ఇట్టి వ్యాకరణమును కూర్చిరి. ముందుగా ఇరుప్రక్కల సమముగా నుండు గళ్ళచట్రము, పిదప వెలుపలి గోడలు, గదుల అమరిక, ముఖద్వారములు, అలంకారములు, కిటికీలు, తలుపులు, ఇట్లు ఎనిమిది దశలలో పటము సిద్ధమగును. మాల్కొంటెంటా సౌధపు పటము ఈ సూత్రములచే సాధింపబడినది. పల్లాడియో గీయని పటములు సైతము వీనినుండి పుట్టును. 1980లో వారే మొగలు ఉద్యానములకును వ్యాకరణము వ్రాసిరి. ఈ సూత్రములు కాగితముపైనను సాగును. యంత్రము వానిని శీఘ్రముగా నడపును. పోర్చుగల్‌లోని ఎవొరా నగరమున ఆల్వారో సీజా 1977 నుండి రూపొందించిన మలగేరా గృహములకు జోసే పింటో డువార్టే 2001లో వ్యాకరణము చెప్పి, నివాసుల అవసరములను బట్టి యంత్రసహాయమున క్రొత్త గృహములను కల్పించు విధమును నిరూపించెను.

ఇందు భాషాపండితులు గమనింపదగిన చిక్కొకటి కలదు. రెండు సమచతురస్రములను మూలలు ఒకదానిలో నొకటి చొచ్చునట్లు గీసినచో, నడుమ మూడవ చతుర్భుజము తనంత తానే కన్పట్టును. యంత్రమున భద్రపఱచినవి రెండే. కన్ను చూచునవి మూడు. ఇది సభంగశ్లేష వంటిది. పింగళి సూరన రాఘవపాండవీయమున ఒకే వర్ణక్రమము విఱుపు మారినంతనే రామకథ నుండి భారతకథకు మారును. పదముల హద్దులను ముందే స్థిరపఱచినచో రెండవ యర్థము మఱుగుపడును. ఇందుకు పరిహారముగా స్టైనీ, ఒకే సరళరేఖపై కలిసియున్న ముక్కలనన్నిటిని ఒక్క గరిష్ఠరేఖగా గ్రహించి, అందు ఏ భాగమునైనను వెదకుటకు వీలు కల్పించెను.

ఒక కొలతను మార్చినంతనే దానిపై నాధారపడిన భాగములన్నియు మారు సాధనములు నేడు వాస్తుశిల్ప కార్యాలయములలో వాడుకలో నున్నవి. వానియందు సూత్రము ముందు, రూపము పిదప. అయినను వ్యాకరణశుద్ధమైన ప్రతివాక్యమును కావ్యము కానట్లే, సూత్రసిద్ధమైన ప్రతిపటమును నివాసయోగ్యము కాదు. గాలి, వెలుతురు, ఇంటివారి నడవడి సూత్రమున చేరనిచో యంత్రము వానిని గూర్చి అడుగదు. లక్ష్యమును పరిశీలించి లక్షణమును దిద్దుట శబ్దశాస్త్రమున వలెనే ఇందును మానవుని బాధ్యత.